ఐదో కంపెనీ మీద ఒక వాక్యం

మా క్రుతొయార్స్క్ పదాతి పటాలంలో సవ్వా తెరెంతిచ్ లుకోష్కిన్ దస్తూరీ ఎరగనివాడు లేడు. ఆయన ముఖం గుర్తులేనివాళ్ళు కూడా రాత చూసి గుర్తుపట్టేవారు. సెలవు చీటీ కావచ్చు, గుర్రాల దాణా కోసం పంపే అర్జీ కావచ్చు, అది సవ్వా చేతి నుంచి వచ్చిందంటే చదవడం రాని సిపాయి కూడా దాన్ని మడత పెట్టడానికి జంకేవాడు.

మనిషి మాత్రం చూపుకి ఆనేవాడు కాదు. పొట్టి. ఏళ్ళ తరబడి బల్ల మీద వాలి రాయడంతో ఎడమ భుజం కిందికి జారింది. నది మీద సరుకు పడవలు లాగేవాళ్ళ ఇంట పుట్టాడు. ఇరవై ఒకటో ఏట సైన్యంలోకి తీసే చీటీ తగిలి పటాలంలోకి వచ్చినప్పుడు, ఊరి చర్చి డీకను నేర్పిన రాతే ఆయన్ని తుపాకీ నుంచి తప్పించి కచేరీలో కూర్చోబెట్టింది. గడువు తీరాక కూడా ఇంటికి పోలేదు, పెద్ద గుమాస్తాగా ఉండిపోయాడు. పెళ్ళి మాట ఎత్తితే, "ఇంకో పెళ్ళెందుకు ఓసిప్ పావ్లిచ్, పటాలమంతా నాకు అత్తారిల్లే. ఎవరూ మెచ్చరు, అందరికీ పని కావాలి" అని నవ్వేవాడు.

ఓసిప్ పావ్లిచ్ అంటే నేను. పటాలం చర్చిలో ప్రార్థనలు చదవడం, కొవ్వొత్తులు చూసుకోవడం నా పని. ఫాదర్ మిత్రొఫాన్ కింద ఇరవై రెండేళ్ళు పనిచేశాను. పటాలం ఎక్కడికి పోతే మా చర్చి అక్కడికి పోయేది, ఒక బండిలో చుట్టిపెట్టిన గుడారంగా. జపాను వాళ్ళతో యుద్ధం వచ్చినప్పుడు అలాగే మంచూరియా దాకా పోయాం. అక్కడ జరిగింది సగం నా కళ్ళతో చూశాను. మిగతా సగం ఆరేళ్ళ తర్వాత సవ్వా నోటి నుంచే విన్నాను. రెండూ కలిపి వరసలో చెబుతాను.

ముక్దెన్ దగ్గర పన్నెండు రోజులు పోరాడి వెనక్కి జరుగుతున్నాం. 1905 ఫిబ్రవరి ఇరవై నాలుగున పొద్దున్నే దుమ్ముగాలి లేచింది. అలాంటిది నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. పసుప్పచ్చటి దుమ్ము. పక్కనున్న గుర్రం తల కనబడేది కాదు, తోక పట్టుకుని నడిచేవాళ్ళం. మా ఐదో కంపెనీ అప్పటికి నాలుగు మైళ్ళ ముందు, మట్టిగోడలున్న ఒక చీనా పల్లెలో ఉంది. పటాలాన్ని రైలు కట్ట దాకా వెనక్కి రమ్మన్నారు. ఆ సంగతి ఐదో కంపెనీకి చెప్పాలి. కబురు మోసే సిపాయిలు ఇద్దరు పొద్దున పోయినవాళ్ళు పోయినట్టే ఉన్నారు. అప్పట్లో కల్నల్‌గారి దగ్గర ఉత్తర్వులు పంపే అడ్జుటెంటుగా ఉన్న జబోల్స్కీ దొర, బండి పక్కన కాగితాల పెట్టె మీద కూర్చున్న సవ్వాని చూశాడు.

"లుకోష్కిన్, నీకు కాళ్ళున్నాయా?"

"ఉన్నాయి దొరా."

"అయితే ఈ ఉత్తర్వు పట్టుకుపో. జొన్నచేల మీదుగా సూటిగా పో. రెండు గంటల లోపల వాళ్ళ చేతిలో పడాలి."

సవ్వా పోయాడు. కోసేసిన జొన్న మోళ్ళు బూట్లలోంచి గుచ్చుకుంటుంటే గాలికి ఎదురుగా నడిచాడు. కొంతసేపటికి గాలి ఎటునుంచి వస్తోందో కూడా తెలియలేదు. అరిచాడు. తన అరుపు తనకే వినపడలేదు. ఒకచోట పడిపోయిన బండి, చచ్చిన గుర్రం కనబడ్డాయి. ఇంకో గంట నడిచాక మళ్ళీ అదే బండి, అదే గుర్రం. అప్పుడు కూర్చుని ఏడ్చానని చెప్పాడు. లేచి మళ్ళీ నడిస్తే మనుషుల మాటలు వినబడ్డాయి. ఐదో కంపెనీయే అనుకుని పరుగెత్తాడు. తీరా చూస్తే అది మా బండ్ల వరసే. తను బయల్దేరిన చోటికే వచ్చాడు.

వచ్చినప్పుడు నేను చూశాను. కనురెప్పల మీద దుమ్ము పేరుకుని ముసలివాడిలా ఉన్నాడు. ఎక్కడికి పోయాడో నాకు తెలియదు, నేనూ అడగలేదు. మాకు గుడారం చుట్టి బండెక్కించే తొందర.

జబోల్స్కీ అడిగాడు: "అందించావా?"

"లేదు దొరా. దారి దొరకలేదు. మళ్ళీ పోతాను, ఎవరైనా దారి చూపిస్తే..."

"ఎవరు చూపిస్తారు? నాకు నా బూట్లే కనబడటం లేదు." అన్నాడట జబోల్స్కీ. తర్వాత ఉత్తర్వుల పుస్తకం తెరిచి, పెన్సిలుతో 'అందినది, పగలు రెండు గంటలకు' అని రాశాడు. "ఇక్కడ సంతకం పెట్టు."

"దొరా, నేను ఇవ్వలేదు గదా."

"రేపు పైనుంచి అడుగుతారు, ఉత్తర్వు పంపావా లేదా అని. పంపాను. నువ్వు పోయావు. ఇంక దాన్ని సాగదీయకు. పెట్టు."

సవ్వా పెట్టాడు. ఎందుకు పెట్టావని ఆరేళ్ళ తర్వాత నేను అడిగితే, "పెట్టమన్నారు గదా" అన్నాడు.  నేను ఆ చోట ఉంటే నేనూ పెట్టేవాణ్ణే.

ఐదో కంపెనీలో కెప్టెన్ కాక నూట డెబ్భై మంది. యుద్ధం ముగిశాక జపాను ఖైదు నుంచి ముప్ఫై ముగ్గురు తిరిగొచ్చారు. వాళ్ళు చెప్పేదంతా ఒకటే మాట. సాయంత్రం దాకా ఉత్తర్వు కోసం చూశారు, కంపెనీ కెప్టెన్ "రమ్మని కబురు రాకుండా కదిలేది లేదు" అన్నాడు, తర్వాత ఫిరంగులు గోడలు కూల్చాయి. కెప్టెన్ అక్కడే పోయాడు. మిగతావాళ్ళలో ఎవరు గోడ కింద పడ్డారో, ఎవరు దుమ్ములో దారి తప్పారో ఎవరూ చెప్పలేకపోయారు. నూట ముప్ఫై ఏడు పేర్ల ఎదురుగా కచేరీ కాగితంలో 'జాడ తెలియలేదు' అని పడింది. రాసింది సవ్వానే.

వాళ్ళలో ఒకడు సార్జెంటు నికనోర్ ప్తాఖిన్. తూటాల బకెట్టు పట్టుకుని తూర్పు గోడ వైపు పోతుండగా ఒకడు చూశాడట. అదే ఆఖరు. అతని భార్య ఉస్తీన్య పటాలం బట్టలు ఉతికే ఇంట్లో పనిచేసేది. పొడుగాటి మనిషి, ఎముకలు గట్టివి, నోరు అంతకంటే గట్టిది. ఆదివారం ఆదివారం చర్చికి వచ్చి తన పేర్ల పుస్తకం నా చేతికిచ్చేది. అలాంటి పుస్తకం మాలో ప్రతి ఇంట్లో ఉంటుంది. ఒక పక్క బతికున్నవాళ్ళ పేర్లు, వాళ్ళ ఆరోగ్యం కోసం చదువుతాం. ఇంకో పక్క పోయినవాళ్ళవి, వాళ్ళ ఆత్మశాంతి కోసం. ఉస్తీన్య పుస్తకంలో నికనోర్ పేరు రెండు పక్కలా లేదు.

"ఏ పక్క రాయించను, ఓసిప్ పావ్లిచ్?" అని మొదటి ఏడాది అడిగింది. "బతికున్నాడని రాయిస్తే, ఆ పైలోకంలో దిక్కులేకుండా తిరుగుతున్నాడేమో. పోయాడని రాయిస్తే, ఎక్కడో ఊపిరి పీలుస్తున్నవాణ్ణి నా చేత్తో పూడ్చినదాన్నవుతాను."

ఫాదర్ మిత్రొఫాన్‌ని అడిగాను. కచేరీ కాగితం ఎలా ఉంటే అలా అన్నారు. అందుకని ప్రతి ఫిబ్రవరిలో ఆమె కచేరీకి పోయేది.

"ఈసారైనా మంచి మాట రాస్తావా, సవ్వా తెరెంతిచ్?"

"ఉన్నదే రాస్తాను తల్లీ."

"నీ రాత బంగారం. రాసేదే బూడిద."

ఆయన తల ఎత్తేవాడు కాదట. 'జాడ తెలియలేదు' అని రాసి, ముద్ర వేసి ఇచ్చేవాడు. అలా ఐదు కాగితాలు పోగయ్యాయి. జాడ తెలియనివాళ్ళ భార్యలు ఐదేళ్ళు దాటాక చర్చి పెద్దల అనుమతితో మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. ముగ్గురు చేసుకున్నారు కూడా. ఉస్తీన్య చేసుకోలేదు. బట్టల ఇంట్లో ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే, "నా మొగుడు ఉన్నాడో లేడో తేలక చస్తున్నాను, ఇంకోణ్ణి తెచ్చుకుని వాడూ ఉన్నాడో లేడో అని చూడమంటారా?" అనేది.

పటాలం పుట్టి 1911కి నూరేళ్ళు. మూడేళ్ళ ముందు నుంచే కల్నల్‌గారు కెప్టెన్ వెరిగిన్‌ని పటాలం చరిత్ర రాయమన్నారు. వెరిగిన్ మంచివాడు. కడుపునొప్పి మనిషి, గోరువెచ్చటి పాలు తప్ప ఏదీ అరిగేది కాదు. పాత కాగితాల్లో తల దూర్చి పగళ్ళు గడిపేవాడు. "కెప్టెన్‌గారు ఈ వారం ఫ్రెంచివాళ్ళని మళ్ళీ ఓడించారట, వచ్చే వారం తుర్కులు" అని సిపాయిలు నవ్వుకునేవారు. ఆయన రాసింది సవ్వా శుద్ధప్రతి చేసేవాడు, ఒకటి అచ్చుకి, ఇంకోటి తోలు అట్టతో రాజధానికి కానుకగా. సవ్వాకి ఆ పని ఇష్టంగానే ఉండేది. తాతల నాటి సిపాయిల పేర్లు రాస్తూ, "వీడు మా పక్క ఊరివాడే సుమా" అని నాకు చెప్పేవాడు.

1911 మార్చిలో మంచూరియా అధ్యాయం ఆయన బల్ల మీదికి వచ్చింది. అందులో ఈ వాక్యం ఉంది: 'వెనుకకు రమ్మన్న ఉత్తర్వు సకాలంలో అందినప్పటికీ ఐదవ కంపెనీ ఆలస్యము చేసి, శత్రువు చేత చిక్కినది.'

సవ్వా కలం పక్కన పెట్టేశాడు. చేతికి వాతం వచ్చిందని చెప్పి మూడు రోజులు కచేరీకి పోలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, నేను కొవ్వొత్తుల స్తంభాల మీద కారిన మైనం గీకుతుంటే చర్చిలోకి వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతూ అంతా చెప్పాడు, నేను ఇందాక మీకు చెప్పినదంతా. నేను మైనం గీకే కత్తి కింద పెట్టాను.

"ఆరేళ్ళు ఎలా దాచావయ్యా?"

"దాచలేదు. ఎవరూ అడగలేదు." ఆ మాట ఆయనకే సరిగా అనిపించలేదు.  "వాళ్ళు పోయారంటే దేవుడి మీద వేసి ఊరుకున్నాను. ఇప్పుడు తప్పు వాళ్ళదేనని నా చేత్తో రాయమంటున్నారు. నూరేళ్ళు ఉండే కాగితం మీద."

"పోయి కెప్టెన్‌గారికి చెప్పు. ఆయన కసాయివాడు కాదు."

చెప్పాడు. వెరిగిన్ పాలగ్లాసు కింద పెట్టి, ఉత్తర్వుల పుస్తకం తెప్పించి, ఆ పేజీ తీశాడు. "ఇది ఎవరి సంతకం?"

"నాదే దొరా."

"మరి నేనేం చేయను, లుకోష్కిన్? నా దగ్గర ఉన్నది కాగితం. నువ్వు కాగితానికి ఎదురు చెబుతున్నావు, ఆ కాగితమూ నీదే." అయినా ఆయన వదిలెయ్యలేదు. జబోల్స్కీ దగ్గరికి తనే పోయాడు. జబోల్స్కీ అప్పటికి లెఫ్టినెంట్ కల్నల్, ఉత్సవాల సంఘానికి పెద్ద.

మర్నాడు జబోల్స్కీ సవ్వాని ఇంటికి పిలిపించాడు. కిటికీలో కుండీలో ఉన్న నిమ్మచెట్టు ఎండు కొమ్మలు కత్తిరిస్తున్నాడట. అరవలేదు. అరిచుంటే బాగుండేదని సవ్వా నాతో అన్నాడు.

"ఆ రోజు మనిద్దరం ఎలా ఉన్నామో గుర్తుందా? నాకు మూడు రోజులుగా నిద్ర లేదు."

"గుర్తుంది దొరా."

"నువ్వు అబద్ధం సంతకం పెట్టావని ఇప్పుడు చెబితే, యుద్ధంలో పెట్టిన సంతకం అది, నిన్ను కోర్టుకి లాగుతారు. నన్నూ లాగుతారు. నా సంగతి వదిలెయ్. నూరేళ్ళ పండగ ముందు పటాలం పరువు ఏం కావాలి? ఐదో కంపెనీ కెప్టెన్ పోయాడు. అతనికి ఇంక నొప్పి లేదు."

"కంపెనీవాళ్ళ పెళ్ళాలున్నారు దొరా. అమ్మలున్నారు."

"వాళ్ళు చరిత్రలు చదువుతారా?"

 నిజంగానే వాళ్ళలో ఒక్కరికీ చదవడం రాదు. జబోల్స్కీ ఒక కొమ్మ కత్తిరించి, "సరే, మెత్తగా రాయమని వెరిగిన్‌కి చెబుతాను. ఫో" అన్నాడు.

వెరిగిన్ మెత్తగానే రాశాడు. 'తెలియరాని కారణములచేత ఐదవ కంపెనీ వెనుక నిలిచిపోయినది.' ఆ రోజు సవ్వా నా దగ్గరికి వచ్చి టీ రెండు గ్లాసులు తాగాడు. "ఇది అబద్ధం కాదు గదా ఓసిప్ పావ్లిచ్? పూర్తి నిజం కాదు, అబద్ధమూ కాదు" అని నాలుగుసార్లు అడిగాడు. కాదన్నాను.

తర్వాత ఆ శుద్ధప్రతి కల్నల్‌గారి దగ్గరికి పోయింది. కల్నల్‌గారు ఆ వాక్యం దగ్గర ఎర్ర పెన్సిలు పెట్టి, పక్కన రాశారట, పండగ పుస్తకంలో తెలియరాని కారణాలు ఏమిటి, ఒక కంపెనీని పోగొట్టుకున్నామని మనమే చాటుకోవాలా అని. వాక్యం మొత్తం కొట్టేశారు. దాని ముందు వాక్యం, వెనక వాక్యం కలిసిపోయాయి. కలిపి రాసింది సవ్వానే. ఇప్పుడు ఆ పుస్తకంలో ముక్దెన్ దగ్గర నాలుగో కంపెనీ ఉంది, ఆరో కంపెనీ ఉంది. ఐదోది లేదు. నిందా లేదు, మనుషులూ లేరు.

"నేను నోరు మూసుకునుంటే కనీసం తిట్టుగానైనా ఉండేవాళ్ళు" అన్నాడు సవ్వా.

 ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఆ వాలిన భుజమే.

ఏప్రిల్‌లో నది మీద మంచు విరిగాక, బట్టల ఇంటి ఆడవాళ్ళు రేవులో జాడింపు మొదలుపెట్టారు. సవ్వా ఒకరోజు అక్కడికి పోయాడు. నన్ను కూడా రమ్మన్నాడు, ఒంటరిగా పోలేనని. ఉస్తీన్య చెక్క మెట్టు మీద మోకాళ్ళేసి సిపాయిల దుప్పట్లు జాడిస్తోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి.

"ఏంటి, కాగితం ఇంటికే తెచ్చిస్తున్నావా ఇప్పుడు? ఫిబ్రవరి దాటిపోయిందిగా" అంది.

సవ్వా నిలబడే చెప్పాడు. ఉత్తర్వు, దుమ్ము, చచ్చిన గుర్రం, సంతకం. ఒక్కటీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఆమె దుప్పటి నీళ్ళలోనే పట్టుకుని ఉంది. ప్రవాహం దాన్ని లాగుతోంది.

"ఎంత దూరం పోయావు?" అని అడిగింది చివరికి.

"తెలీదు తల్లీ. నాలుగు గంటలు నడిచాను."

"ఏమైనా వినబడిందా? కేకలు గానీ, తుపాకులు గానీ?"

"గాలి. ఇంకేం వినబడలేదు."

"నువ్వు పోయి కాగితం ఇచ్చుంటే వాడు వచ్చేవాడా?"

"వచ్చేవాడేమో. దుమ్ములో వాళ్ళకీ దారి దొరికేది కాదేమో. నాకు తెలీదు."

ఉస్తీన్య దుప్పటి పైకి లాగి, రెండు చేతులా పిండింది. "ఐదేళ్ళు నా చేతికి కాగితాలిచ్చావు. ఒక్కసారి కూడా నా మొహం చూళ్ళేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది." పిండిన దుప్పటిని బుట్టలో పడేసింది. "ఇంతకీ వాడు పోయాడా, ఉన్నాడా?"

"తెలీదు."

"మరి నాకేం తెచ్చావయ్యా?"

ఆమె కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. సవ్వా చేతులు చాచి చూపించాడు, ఖాళీగా ఉన్నాయని చూపించినట్టు. తర్వాత వంగి ఆ తడి బుట్ట ఎత్తబోయాడు. "దింపు. అది నా పని" అందామె. దింపేశాడు. మేమిద్దరం గట్టెక్కి వచ్చేశాం. 

మే నెలలో పండగ. ముందు రోజు, పటాలం కోసం ప్రాణమిచ్చినవాళ్ళందరికీ శాంతి ప్రార్థన. పేర్లు చదవాల్సింది నేను. ఆ ఉదయం సవ్వా నా దగ్గరికి ఒక కాగితం తెచ్చాడు. ఐదో కంపెనీ నూట ముప్ఫై ఏడు పేర్లు, ఇంటిపేర్లు లేకుండా, చర్చిలో చదివే పద్ధతిలో రాశాడు.

"పుస్తకంలో కొట్టేశారు. ఇక్కడ ఎర్ర పెన్సిలు లేదు గదా" అన్నాడు.

కాగితం ఫాదర్ మిత్రొఫాన్‌కి చూపించాను. ఆయన చాలాసేపు చదివారు. పెదాలు కదుపుతూ ఒక్కో పేరూ చదివారు. "వీళ్ళలో ఒక్కడు బతికున్నా, ఓసిప్, మనం బతికున్నవాడికి శాంతి ప్రార్థన చదివినట్టు. ఆ పాపం ఎవరి మీద?" అన్నారు. చదవవద్దని అనలేదు. తీర్పు నా మీదికి తోసేశారు.

చర్చి నిండా యూనిఫారాలు. కల్నల్‌గారు ముందు వరసలో, ఆయన పక్కన జబోల్స్కీ. సవ్వా ఎడమ గోడ పక్కన, దేవుడి పటం కింద నిలబడి నన్నే చూస్తున్నాడు. నేను ఫ్రెంచి యుద్ధం పేర్లు చదివాను, తుర్కుల యుద్ధం పేర్లు చదివాను, మంచూరియా పేర్లు చదివాను. సవ్వా కాగితం నా అంగీ జేబులో ఉంది. మంచూరియా పేర్లు అయిపోయాక ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అప్పుడు తీయొచ్చు. చెయ్యి జేబు దాకా పోయింది. కల్నల్‌గారు తల ఎత్తి, ఎందుకు ఆగాడన్నట్టు చూశారు. నా వెనక పాటగాళ్ళు ముగింపు పాట 'నిత్య స్మరణ' ఎత్తుకున్నారు. అయిపోయింది.

 ప్రార్థన అయ్యాక కాగితం తిరిగి ఇస్తే సవ్వా తీసుకున్నాడు. "నువ్వు ఆగావు. చూశాను" అన్నాడు. మందలించాడో, క్షమించాడో ఇప్పటికీ నాకు తెలియదు.

మర్నాడు మైదానంలో కవాతు, బాండు, సిపాయిలకి మాంసం పెట్టిన పెద్ద రొట్టెలు, తలా ఒక గ్లాసు వోడ్కా. చరిత్ర పుస్తకం రాయడంలో సాయపడినందుకు సవ్వాకి పటాలం గుర్తు చెక్కిన వెండి గడియారం ఇచ్చారు. జబోల్స్కీయే చేతిలో పెట్టాడు. సవ్వా బిగుసుకుని నిలబడి, "సేవ చేయడమే సంతోషం, దొరా!" అని గట్టిగా అన్నాడు. అలా అనాలి కాబట్టి అన్నాడు.  

మూడేళ్ళు గడిచాయి. 1914లో జర్మన్లతో యుద్ధం వచ్చింది. సవ్వా తుపాకీ ఇవ్వమని, పటాలంతో పంపమని అర్జీ పెట్టుకున్నాడు. నలభై మూడేళ్ళ గుమాస్తాకి తుపాకీ ఎందుకని, నీ చేతితో ఇక్కడ పని ఉందని, ఊళ్ళో డిపో కచేరీలోనే ఉంచారు. నా మోకాళ్ళు అప్పటికే చెడ్డాయి, నన్నూ తీసుకుపోలేదు. రైల్వే స్టేషన్లో బాండు వాయిస్తుంటే పటాలం రైలెక్కింది. నాలుగు వేల మంది. ఒక నెల తిరక్కుండానే ప్రష్యా అడవుల్లో, చెరువుల మధ్య చుట్టుముట్టారు వాళ్ళని. బయటపడింది మూడు వందల చిల్లర.

ఆ శరదృతువులో కచేరీ ముందు వరస కట్టిన ఆడవాళ్ళని చూస్తే ఊళ్ళో ఇళ్ళలో ఎవరూ మిగల్లేదనిపించేది. జబోల్స్కీ పోయాడు, ఆయన పోయినట్టు కబురు వచ్చింది. కెప్టెన్ వెరిగిన్ సంగతి ఎవరికీ తెలియదు. ఆయన భార్య కూడా ఆ వరసలోనే నిలబడింది, టోపీకి విధవలు కట్టే నల్ల జాలీ కట్టుకోవాలో వద్దో తేల్చుకోలేక చేతిలో పట్టుకుని. సవ్వా పొద్దుటి నుంచి చీకటి పడేదాకా 'జాడ తెలియలేదు' అని రాశాడు. అయితే ఈసారి కాగితం కిటికీలోంచి తోసెయ్యలేదు. ప్రతి ఒక్కరి దగ్గరికీ తనే బయటికి వచ్చి, మొహం చూసి, "ఎవరూ చూళ్ళేదు తల్లీ. నాకూ తెలీదు. తెలిస్తే చెప్పేవాణ్ణి" అనేవాడు. కొందరు ఆయన కాళ్ళు పట్టుకునేవారు. కొందరు తిట్టేవారు. ఒకామె చెంప మీద కొట్టింది. పైవాళ్ళు మందలించారు, ఇలా అయితే పని ఎప్పుడు తెములుతుందని. ఆయన మానలేదు. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు. వాళ్ళంతా వచ్చినట్టే పోయారు.

వరస పొడుగ్గా ఉన్న రోజుల్లో ఉస్తీన్య బట్టల ఇంటి నుంచి ఒక బిందెడు వేడి క్యాబేజీ చారు తెచ్చి, చలిలో నిలబడ్డవాళ్ళకి పోసేది. సవ్వాతో మాట్లాడేది కాదు. అందరితో పాటు ఆయన గిన్నెలోనూ పోసేది.

విప్లవం వచ్చింది. 1918 వసంతంలో పటాలాన్ని రద్దు చేశారు. కొత్తగా వచ్చినవాళ్ళు కచేరీలో సామాను బయటికి తీస్తుంటే, అమ్ముడుపోని చరిత్ర పుస్తకాలు ఒక గదినిండా కనబడ్డాయి. కాగితం మందంగా, నున్నగా ఉండటంతో పొగాకు చుట్టుకోవడానికి పనికిరాలేదు. పొయ్యిలో వేశారు. సవ్వా వాళ్ళకి అడ్డం పోలేదు. ఆ వారంలోనే ఒక సంచి భుజాన వేసుకుని, నదికి అవతల పల్లెలో ఉన్న చెల్లెలు ఫ్యోక్లా ఇంటికి పోయాడు. నేను పడవరేవు దాకా పోయాను. "ఉత్తరం రాస్తావా?" అని అడిగాను. "ఏం రాయను?" అన్నాడు. రాయలేదు.

1921లో వాన పడలేదు. మా నది పొడుగునా పంటలు మాడిపోయాయి. జనం గడ్డి, చెట్టు బెరడు పిండి చేసుకుని తిన్నారు. మా ఊళ్ళోనే వీధుల్లో శవాలు ఎత్తేవారు లేరు. పల్లెల సంగతి చెప్పక్కర్లేదు. దారులు తెరుచుకున్నాక, రెండేళ్ళకి, నేను కర్ర పట్టుకుని ఫ్యోక్లా ఊరు పోయాను. సగం ఇళ్ళు పలకలు కొట్టి మూసేసి ఉన్నాయి. ఫ్యోక్లా ఉంది. అన్న కరువు ఏడాది డిసెంబరులో పోయాడని చెప్పింది. ఒళ్ళంతా నీరు పట్టి, చివరి వారం లేవలేదట. తన వంతు రొట్టె ముక్క ఆమె చిన్న కూతురికి పెట్టేవాడట. ఆ పిల్ల కూడా బతకలేదు.

"ఏమైనా అన్నాడా?"

"ఎప్పుడూ ఏవో పేర్లు గొణిగేవాడు, ప్రోఖోర్, దెమిద్, నికనోర్... మా వాళ్ళెవరూ కారు. మీ పటాలం వాళ్ళా?"

"అవును" అన్నాను.

తిరిగొచ్చాక ఉస్తీన్య ఇంటికి పోయాను. అప్పటికి ఆమె తల నెరిసిపోయింది, చేతులు ముడుచుకుపోయి గిన్నె కూడా సరిగా పట్టేవి కావు. గడప మీద కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. సవ్వా పోయాడని చెప్పాను.

కత్తి ఆపింది. "ఆకలితోనా?"

"ఆకలితోనే."

"దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"చెల్లెలు ఉంది. ఆమే కళ్ళు మూసింది, ఆమే పూడ్చింది."

"అయితే నయమే" అంది ఉస్తీన్య. నన్ను కూర్చోమని గడప మీద పక్కకి జరిగింది.